కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడం న్యాయమేనా? అమెచ్యూర్ ఆట ఇక ఉండదా?

మీరు అడిగినదాంట్లో నాకు మూడు ప్రశ్నలు కనిపించాయి. మీరు ఎంఎస్ చేస్తున్న యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆటగాళ్లకు 2025 నుంచి యూనివర్సిటీయే నేరుగా డబ్బు ఇస్తోందని విన్నారు. చదువుకోడానికి వచ్చినవాళ్లకు ఆడినందుకు డబ్బేమిటి, అది న్యాయమేనా అన్నది మొదటిది. ఇలాగైతే అమెచ్యూర్ కాలేజీ ఫుట్‌బాల్, అంటే డబ్బు కోసం కాక ఇష్టంతో ఆడే ఆట, పోయినట్టేనా అన్నది రెండోది. డాలస్ దగ్గర మీ అక్కయ్యగారి అబ్బాయి పదో తరగతిలో ఉన్నాడు, స్కూల్ జట్టులో ఆడుతున్నాడు, వాళ్లు ఏం చూసుకోవాలి అన్నది మూడోది.

నేను ఇక్కడ దక్షిణాది రాష్ట్రంలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఆటగాళ్ల చదువు చూసే విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఎవరు ఏ కోర్సు తీసుకోవాలి, డిగ్రీకి ఇంకా ఎన్ని క్రెడిట్లు మిగిలాయి, ల్యాబ్ టైమూ ప్రాక్టీస్ టైమూ ఒకటే అయితే ఏం చేయాలి, ఇవి నా రోజువారీ పనులు. కోచ్‌ల వైపు నుంచో టీవీ వైపు నుంచో కాకుండా ఆ పిల్లల టైమ్‌టేబుల్ వైపు నుంచి ఈ విషయాన్ని చూసినవాడిగా జవాబు చెబుతాను.

సూటిగా చెప్పాలంటే: డబ్బు ఇవ్వడం న్యాయమే, అది రావాల్సినదానికంటే చాలా ఆలస్యంగా వచ్చింది. పెద్ద యూనివర్సిటీల ఫుట్‌బాల్‌లో అమెచ్యూర్ ఆట ఎప్పుడో పోయింది. చిన్న కాలేజీల్లో అది నిక్షేపంగా ఉంది, ఉంటుంది కూడా. నేను నిజంగా భయపడుతున్నది ఆటగాళ్ల డిగ్రీ గురించి. డబ్బు ఇస్తూనే "ఇది ఆడినందుకు ఇస్తున్న డబ్బు కాదు" అని కాగితాల మీద రాసుకుంటున్నారు. నా దృష్టిలో ఇప్పటి గందరగోళమంతా అక్కడే పుడుతోంది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఊళ్లో ఆడుకున్న ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు, భుజాల ప్యాడ్లు వేసుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. మోకాలు, భుజం, తల, ఏదో ఒకటి దెబ్బ తినకుండా నాలుగేళ్లు పూర్తి చేసేవాళ్లు తక్కువ. డబ్బు గురించి మాట్లాడేటప్పుడు ఇది గుర్తుండాలి.

కాలేజీల మధ్య మొదటి ఫుట్‌బాల్ ఆట 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ ఆడాయి. అప్పట్లో అంతా విద్యార్థులే నడుపుకునేవాళ్లు. ఆట ముదిరి ప్రాణాలు పోవడం మొదలయ్యాక, 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లని పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడాది ఏర్పడిన సంస్థే తర్వాత ఎన్‌సీఏఏ అయింది, అంటే కాలేజీ ఆటలకు రూళ్లు పెట్టే సంస్థ. ఆటగాళ్లు డబ్బు తీసుకోకూడదన్నది దాని మూలసూత్రం. కానీ 1929లోనే కార్నెగీ ఫౌండేషన్ దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చింది. ఆటగాళ్లకు చాటుమాటుగా డబ్బు, ఉద్యోగాలు, ఫీజులు ఇవ్వడం చాలా కాలేజీల్లో మామూలేనని అందులో ఉంది. అంటే దాదాపు వందేళ్ల కిందటి మాట. 1956లో ఆటను బట్టి స్కాలర్‌షిప్ ఇవ్వడం చట్టబద్ధం చేశారు. 1973లో ఆ స్కాలర్‌షిప్‌ని ఒక్కోసారి ఒక్క ఏడాదికి మాత్రమే ఇవ్వాలని మార్చారు. 2012 దాకా అదే రూలు. ఆట బాగోకపోతే మరుసటి ఏడాది స్కాలర్‌షిప్ ఉంటుందన్న గ్యారంటీ లేదు. పని చేసేవాడిని ఏడాది కాంట్రాక్టు మీద పెట్టుకోవడానికీ దీనికీ ఏం తేడా ఉందో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఈ సూత్రం ఎవరికి ఉపయోగపడిందో చెప్పే రెండు కేసులు ఉన్నాయి. 1955లో కొలరాడోలో రే డెనిసన్ అనే ఆటగాడు మైదానంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య పరిహారం కోసం కోర్టుకెళ్లింది. అతను కాలేజీకి ఉద్యోగి కాడు కాబట్టి ఏమీ రాదని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. 1974లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ తరఫున ఆడుతూ కెంట్ వాల్డ్రెప్ మెడ విరిగి పక్షవాతానికి గురయ్యాడు. ఏళ్ల తరబడి కోర్టుల్లో తిరిగాక 2000లో అతనికీ అదే జవాబు వచ్చింది. అమెచ్యూర్ అన్న మాట వెనక ఆదర్శం ఉన్నా లేకపోయినా, కాలేజీలకు ఖర్చు తప్పించిన మాట అది.

డబ్బు లేని ఆట అయితే నేనూ డబ్బు ఇవ్వొద్దనేవాడిని. కానీ 1984లో సుప్రీంకోర్టు టీవీ హక్కులు ఎన్‌సీఏఏ ఒక్కదాని గుప్పిట్లో ఉండకూడదని తీర్పు ఇచ్చాక ఇది పూర్తిగా టీవీ వ్యాపారం అయింది. మిషిగన్ స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా కూర్చోవచ్చు. 2026 నుంచి ఆరేళ్ల పాటు ప్లేఆఫ్ (సీజన్ చివర విజేతను తేల్చే పోటీలు) ప్రసారాలకు టీవీ సంస్థ ఈఎస్‌పీఎన్ ఒప్పందం విలువ 780 కోట్ల డాలర్లు. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం తన హెడ్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు, ఇక పని చేయనందుకు ఆయనకు ఇవ్వాల్సి వచ్చింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. అదే సమయంలో మైదానంలో దెబ్బలు తిన్న పిల్లలకు ఇచ్చింది ఫీజు, తిండి, గది, పుస్తకాలు, పైన చేతి ఖర్చులకు కొంత. ఆ చేతి ఖర్చులు కూడా 2015లో వచ్చినవే. తిండి విషయంలో రూళ్లు ఎంత చిన్నవంటే, కొంతకాలం కిందటి దాకా చిరుతిండిగా బేగెల్ (గుండ్రటి రొట్టె) ఇవ్వొచ్చు గానీ దాని మీద క్రీమ్ చీజ్ రాస్తే అది భోజనం కింద లెక్క. 2014లో షబాజ్ నేపియర్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు కొన్ని రాత్రులు ఆకలితో పడుకుంటానని టీవీ కెమెరాల ముందే చెప్పాడు. కొద్ది రోజులకే భోజనాల మీద పరిమితి ఎత్తేశారు.

"ఉచితంగా చదువు వస్తోంది కదా, అది చాలదా?" అని మనవాళ్లు చాలామంది అడుగుతారు. లక్షల అప్పు చేసి ఇక్కడికి వచ్చిన మీకు ఆ ప్రశ్న రావడం సహజం. నేనూ దాన్ని తేలిగ్గా తీసెయ్యను. అయితే ఆ చదువు ఎలా జరుగుతుందో చూడండి. రూలు ప్రకారం సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ఆటకు కేటాయించకూడదు. ఎన్‌సీఏఏ సొంత సర్వేల్లోనే ఆటగాళ్లు 40 గంటలు దాటుతోందని చెప్పారు. ఎందుకంటే కండరాలకు చికిత్స, తమంతట తాము వీడియోలు చూడటం, ప్రయాణం లాంటివి చాలామటుకు ఆ 20 గంటల్లోకి రావు. మా దగ్గర పొద్దున ఆరింటికి బరువులు, ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా క్లాసులు, ఒంటిగంట నుంచి మీటింగ్, ప్రాక్టీస్, రాత్రి ఏడు తర్వాత ట్యూటరింగ్. మధ్యాహ్నం ల్యాబ్ ఉన్న ఏ కోర్సూ ఇందులో పట్టదు.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి హైస్కూల్లో లెక్కలు, ఫిజిక్స్ చాలా బాగా వచ్చు. సివిల్ ఇంజినీరింగ్ చేయాలని వచ్చాడు. లైన్‌మన్, అంటే ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునేవాడు. పెద్ద శరీరం, నెమ్మదస్తుడు. రెండో ఏడాదికల్లా సర్వేయింగ్ ల్యాబ్, మెటీరియల్స్ ల్యాబ్ రెండూ ప్రాక్టీస్ టైమ్‌లోనే వచ్చాయి. మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, మార్చుకోక తప్పలేదు. మూడో ఏడాది మోకాలి లిగమెంట్ తెగింది. డిగ్రీ అయితే చేతికి వచ్చింది కానీ అతను కోరుకున్న డిగ్రీ కాదు. యూనివర్సిటీ అతనికి ఇచ్చిన చదువు విలువ ఎంతని లెక్క కట్టేవాళ్లు ఫీజు రసీదు చూసి కడతారు. నాకు మాత్రం అతను తీసుకోలేకపోయిన కోర్సులు గుర్తొస్తాయి. ఇలాంటివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇక డబ్బు ఎలా వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. వీడియో గేమ్‌లో తన బొమ్మ వాడుకున్నారని యూసీఎల్‌ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ 2009లో కేసు వేశాడు. అక్కడి నుంచి గోడ బీటలు వారింది. ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద సంపాదించుకోవచ్చని 2019లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది మంది జడ్జీలతో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. చదువుకు సంబంధించిన ప్రయోజనాల మీద పరిమితులు చెల్లవంది. పది రోజుల్లోనే, జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో, గుర్తింపు వాడుకుని ప్రకటనల్లో సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. దీన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. ఆ తర్వాత డబ్బున్న అభిమానులు కలెక్టివ్‌లు అని పెట్టుకుని, ప్రకటన పేరుతో ఆటగాళ్లకు జీతాల్లాంటివి ఇవ్వడం మొదలుపెట్టారు. చివరికి 2025 జూన్ 6న, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో కుదిరిన సెటిల్‌మెంట్‌కి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపారు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు. 2025 జులై 1 నుంచి ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు ఏడాదికి దాదాపు 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. ఆ పరిమితి ఏటా పెరుగుతుంది. మీరు విన్నది దీని గురించే. చాలాచోట్ల అందులో నాలుగింట మూడు వంతులు ఫుట్‌బాల్‌కే వెళ్తోంది.

ఇప్పుడు నాకు నచ్చని భాగం. ఆ డబ్బు ఇచ్చే కాంట్రాక్టుల్లో అది పేరు, ఫొటో వాడుకునే హక్కులకు ఇస్తున్నదని రాస్తారు. ఆడినందుకు జీతం అనరు, ఉద్యోగి అనరు. కానీ అబ్బాయి జట్టులో లేకపోతే ఆ డబ్బు ఉండదు. మెడికల్ విషయంలో కొంత మంచి జరిగింది. ఆటలో తగిలిన దెబ్బలకు చదువు అయ్యాక కూడా రెండేళ్లు వైద్యం ఖర్చు చూడాలని 2024 నుంచి రూలు ఉంది. అయినా ఉద్యోగికి చట్టప్రకారం వచ్చే గాయాల పరిహారం, యూనియన్ హక్కు, వీటి సంగతి ఇప్పటికీ 1957 నాటి లాగే ఉంది.

పన్ను సంగతి ఇంకా ఘోరం. ఉద్యోగి కాదు కాబట్టి జీతంలోంచి ఎవరూ పన్ను కట్ చేయరు. మొత్తం డబ్బు చేతికి వస్తుంది. ఆదాయపు పన్ను కాక 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను ఉంటుంది. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి 15లకు విడతలుగా కట్టాలి. పంతొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇది ఎవరు చెబుతారు? మా దగ్గర ఒక అబ్బాయి వచ్చిన డబ్బుతో అమ్మ ఇంటి అద్దె బాకీలు తీర్చాడు, చెల్లెలికి దంతాల వైద్యం చేయించాడు, మిగిలినదాంతో ఒక కారు కొన్నాడు. దుబారా ఏమీ కాదు. ఏప్రిల్‌లో పన్ను లెక్క చూసి నా ఎదురు కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. డబ్బు ఇవ్వడం తప్పు అని దీనికి అర్థం కాదు. జీతం అని ఒప్పుకుని ఇస్తే పన్ను పట్టుకునే ఇచ్చేవాళ్లు.

చదువుకి తగులుతున్న అసలు దెబ్బ మాత్రం డబ్బు వల్ల కాదు, బదిలీల వల్ల. పాత రోజుల్లో ఫుట్‌బాల్ ఆటగాడు వేరే యూనివర్సిటీకి మారితే ఏడాది ఆడకుండా కూర్చోవాలి. అది అన్యాయం, ఎందుకంటే కోచ్‌లకు అలాంటి శిక్ష ఏమీ లేదు. 2021లో ఒకసారికి మినహాయింపు ఇచ్చారు. 2024 నుంచి మార్కులు సరిగా ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చు. 2026 నుంచి ఫుట్‌బాల్‌లో మారడానికి ఒకే గడువు (విండో), జనవరి 2 నుంచి 16 వరకు. తేదీలు గమనించారా? చాలా యూనివర్సిటీల్లో వసంతకాలం సెమిస్టర్ మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

మారినప్పుడు క్రెడిట్లు అన్నీ కూడా రావు. మీరు హైదరాబాద్‌లో చదివిన సబ్జెక్టులను ఇక్కడ లెక్కలోకి తీసుకోమని అడిగి ఉంటే ఆ తిప్పలు మీకు తెలిసే ఉంటాయి. ఇక్కడి యూనివర్సిటీల మధ్య కూడా అదే తిప్పలు. కోర్సు బదిలీ అవుతుంది గానీ "ఎలెక్టివ్" కింద వస్తుంది, మేజర్‌లో లెక్కకు రాదు. ఎన్‌సీఏఏలో అన్నిటికంటే పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆటగాడు రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి చేసి ఉండాలి. రెండుసార్లు మారినవాడికి ఆ శాతాలు అందుకోవడానికి ఒకటే దారి: ఏ మేజర్‌లో తన క్రెడిట్లు ఎక్కువగా పడతాయో ఆ మేజర్‌లో చేరిపోవడం. అతనికి ఏం కావాలన్నది చివరి ప్రశ్న అవుతుంది. మూడో యూనివర్సిటీగా మా దగ్గరికి వచ్చిన ఒక ఆటగాడి ట్రాన్స్‌క్రిప్ట్‌లో మూడు వేర్వేరు చోట్ల చదివిన మూడు ఇంట్రడక్షన్ కోర్సులు ఉన్నాయి, దాదాపు ఒకే సిలబస్. మంచి తెలివైన కుర్రాడు. ఏ ప్రొఫెసర్‌కీ అతని పేరు తెలియదు. సిఫార్సు ఉత్తరం ఎవరిని అడగాలని నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కాలేజీ ఆటగాళ్లలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కి చేరేది ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారం 2 శాతం కూడా లేరు. మిగతావాళ్లందరికీ జీవితాంతం మిగిలేది ఆ ట్రాన్స్‌క్రిప్టే.

దీనికి మందు ఏమిటని మీరు అడగలేదు గానీ, అమెచ్యూర్ ఆట భవిష్యత్తు దానిలోనే ఉంది కాబట్టి చెబుతాను. ఆటగాళ్లను ఉద్యోగులుగా ఒప్పుకుని, వాళ్ల సంఘంతో కూర్చుని ఒప్పందం చేసుకోవాలి. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జీతాలకు పరిమితి ఉంది, జట్టు మారడానికి రూళ్లు ఉన్నాయి. వాటి మీద ఎవరూ కేసులు గెలవడం లేదు. కారణం, అవి యూనియన్ సంతకం పెట్టిన రూళ్లు. అలాంటి ఒప్పందానికి యాంటీట్రస్ట్ చట్టం (వ్యాపారంలో పోటీని అణచకూడదనే చట్టం) నుంచి రక్షణ ఉంటుంది. కాలేజీల్లో పరిమితులన్నీ ఒక పక్షమే పెడుతోంది. అందుకే ఏ రూలు పెట్టినా కొన్ని నెలల్లో ఏదో కోర్టులో నిలబడలేకపోతోంది. 2.05 కోట్ల పరిమితికి కూడా అదే గతి పట్టే ప్రమాదం ఉంది.

ఆ దిశలో ప్రయత్నాలు జరగలేదని కాదు. 2014లో నార్త్‌వెస్టర్న్ ఆటగాళ్లు యూనియన్ కోసం దరఖాస్తు పెట్టారు. మరుసటి ఏడాది జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఆ విషయంలో తల దూర్చనంది. 2024 మార్చిలో డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు 13-2 ఓట్లతో యూనియన్ పెట్టుకున్నారు, ఏడాది తిరగకుండానే దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది జులైలో జాన్సన్ కేసులో ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు, కాలేజీ ఆటగాళ్లు ఉద్యోగులు కావడానికి అమెచ్యూర్ అన్న పేరు ఒక్కటే అడ్డం కాదని చెప్పింది. యూనివర్సిటీ అధికారుల్లో చాలామంది మాత్రం ఆటగాళ్లు ఉద్యోగులు కారని కాంగ్రెస్ చేత చట్టం చేయించాలని తిరుగుతున్నారు. నా అభిప్రాయంలో అది మళ్లీ 1957కి తీసుకెళ్లే దారి. ఒప్పందం ఉంటే రెండు మూడేళ్ల కాంట్రాక్టులు వస్తాయి, మధ్యలో మారడం తగ్గుతుంది, డిగ్రీ పూర్తయ్యేదాకా ఫీజు హామీ అడగవచ్చు. ఆటగాళ్లు ఏటా మారిపోతున్నారని గోల పెట్టే కోచ్‌లకు కూడా అదే కావాలి.

ఇక్కడ మీకు ఆసక్తి కలిగించే ఒక చిక్కు ఉంది. ఎఫ్-1 వీసా మీద ఆడేవాళ్లు కూడా ఉన్నారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో పంట్ చేసేవాళ్లలో, అంటే బంతిని దూరంగా తన్నేవాళ్లలో, చాలామంది ఆస్ట్రేలియా కుర్రాళ్లు. పక్కన ఆడేవాడు ప్రకటనలు చేసి సంపాదిస్తుంటే వీళ్లు వీసా పోతుందని భయపడి వదులుకోవాల్సి వస్తోంది. 2022లో కెంటకీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కర్ చిబ్వే జట్టుతో బహామాస్ వెళ్లినప్పుడు, అక్కడ అమెరికా వీసా షరతులు వర్తించవు కాబట్టి ప్రకటనల పని అంతా అక్కడే చేసుకున్నాడు. క్యాంపస్‌లో పని, వారానికి 20 గంటలు, ఇవన్నీ మీకు నేను చెప్పక్కర్లేదు. ఆటగాళ్లు ఉద్యోగులైతే ఈ పిల్లల సంగతి కూడా అప్పుడే తేల్చాలి.

డబ్బు ఇవ్వడం వల్ల నష్టపోయేవాళ్లు ఎవరూ లేరని నేను అనను. సెటిల్‌మెంట్‌తో పాటు జట్టులో 105 మందికి మించి ఉండకూడదన్న పరిమితి వచ్చింది. స్కాలర్‌షిప్ లేకుండా, కేవలం ఆట మీద ఇష్టంతో ప్రాక్టీస్‌కి వచ్చే వాక్-ఆన్ పిల్లలు చాలాచోట్ల జాబితా నుంచి పోయారు. అసలైన అమెచ్యూర్లు వాళ్లే. అది చూసి జడ్జి గట్టిగా పట్టుబట్టడంతో, అప్పటికే ఉన్నవాళ్లకు పరిమితి వర్తించకుండా మినహాయింపు ఇచ్చారు. కానీ కొత్తగా రాబోయేవాళ్లకు ఆ తలుపు సన్నబడింది. నాకు ఇది చాలా బాధ కలిగించిన మార్పు. మా దగ్గర చదువులో అందరికంటే ముందుండేది వాళ్లే.

మిగతా ఆటల మీద ఒత్తిడి కూడా నిజమే. 2025లో కాల్ పాలీ ఈత జట్లను ఎత్తేసింది. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ యూనివర్సిటీ డివిజన్ వన్ నుంచి, ఆట స్కాలర్‌షిప్పులు లేని డివిజన్ త్రీకి వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. అమెరికా ఒలింపిక్ ఈతగాళ్లూ పరుగువీరులూ ఎక్కువగా తయారయ్యేది కాలేజీల్లోనే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఆడపిల్లల ఆటలకు సమాన అవకాశం ఇవ్వాలన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఈ కొత్త డబ్బుకి వర్తిస్తుందా లేదా అన్న గొడవ కోర్టుకెక్కింది. పంపకంలో సింహభాగం మగపిల్లల ఫుట్‌బాల్‌కే పోతున్నప్పుడు ఆ ప్రశ్న రాక తప్పదు.

అయితే ఈ నష్టాలన్నిటినీ ఆటగాళ్ల జీతాల ఖాతాలో రాయడం అన్యాయం. టీవీ డబ్బు కోసం కాన్ఫరెన్సులనే, అంటే యూనివర్సిటీలు జట్టుకట్టి తమలో తాము ఆడుకునే సంఘాలనే, ముక్కలు చేసింది పెద్దవాళ్లు. వందేళ్లు దాటిన పశ్చిమ తీరపు కాన్ఫరెన్సు పాక్-12 ఏడాదిలో కూలిపోయింది. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఇప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో ఆడుతున్నాయి! ఫుట్‌బాల్ జట్టు ఏడాదికి కొన్నిసార్లు దేశం ఆ చివరికి ఎగిరి వెళ్తే ఫర్వాలేదు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు వారం మధ్యలో అంత దూరం వెళ్లి, తెల్లారి క్లాసుకు రావాలంటే ఎలా? ఫుట్‌బాల్‌ని విడిగా జాతీయ లీగ్ లాగా నడిపి, మిగతా ఆటలన్నీ దగ్గరి యూనివర్సిటీలతో ఆడుకోవాలని నేను మా మీటింగుల్లో ఎప్పటినుంచో అంటున్నాను. కాలేజీ ఆటకు మంచి చేయాలనుకునేవాళ్లు ముందు చేయాల్సింది ఇదే.

ఫీజు బిల్లు విషయం కూడా చూసుకోండి. కొన్ని యూనివర్సిటీల్లో అథ్లెటిక్స్ ఫీజు పేరుతో విద్యార్థులందరి దగ్గరా వసూలు చేస్తారు. టెనసీ యూనివర్సిటీ అలా కాకుండా 2024లో సీజన్ టికెట్ల మీద 10 శాతం "టాలెంట్ ఫీజు" పెడుతున్నట్టు ప్రకటించింది. ఆట చూసేవాడు ఆటగాడికి ఇవ్వడం నాకు సబబుగా తోస్తుంది. మ్యాచ్ ముఖం చూడని ఎంఎస్ విద్యార్థి ఇవ్వడం సబబు కాదు. మీ బిల్లులో ఆ ఫీజు పెరిగితే గ్రాడ్యుయేట్ స్టూడెంట్ కౌన్సిల్‌లో అడగండి.

మీ రెండో ప్రశ్నకు పూర్తి జవాబు ఇది. డివిజన్ త్రీలో ఫుట్‌బాల్ ఆడే కాలేజీలు 200 పైనే ఉన్నాయి. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్పే లేదు. ఒహాయోలోని మౌంట్ యూనియన్ అక్కడ 13 సార్లు జాతీయ విజేత. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలు ఆట స్కాలర్‌షిప్పులు ఇవ్వవు, సెటిల్‌మెంట్‌లోనూ చేరలేదు. ఈ కాలేజీల్లో ఆడే పిల్లలు ల్యాబ్ ఉంటే ప్రాక్టీస్‌కి ఆలస్యంగా వస్తారు, కోచ్ ఏమీ అనడు. శరదృతువులో ఒక శనివారం వీలు చూసుకుని అలాంటి మ్యాచ్ ఒకటి చూడండి. తల్లిదండ్రులు, స్నేహితులు, ఊళ్లోవాళ్లు కలిసి కొన్ని వేల మంది. టీవీ విరామాలు ఉండవు. అమెచ్యూర్ కాలేజీ ఫుట్‌బాల్ పోయిందని బాధపడే పెద్దమనుషుల్లో ఎంతమంది అక్కడికి వెళ్లి టికెట్ కొన్నారో నాకు అనుమానమే.

ఇక మీ మేనల్లుడి సంగతి.

టెక్సస్ హైస్కూల్ రూళ్ల ప్రకారం స్కూల్లో ఉండగా తన ఆట పేరుతో డబ్బు తీసుకుంటే అర్హత పోతుంది. ఎవరు ఆశ చూపినా వద్దనండి. డాలస్ దగ్గరి సౌత్‌లేక్ క్యారల్ స్కూల్‌లో ఆడిన క్విన్ ఎవర్స్ 2021లో ఆఖరి ఏడాది వదిలేసి ఒహాయో స్టేట్‌కి వెళ్లాడు, పెద్ద మొత్తం వచ్చిందని వార్తలు. అక్కడ రెండే రెండు స్నాప్‌లు (ఒక్కోటీ కొన్ని క్షణాల ఆట) మాత్రమే మైదానంలో ఉండి టెక్సస్ యూనివర్సిటీకి మారాడు. అతను దేశంలోకెల్లా పేరున్న క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆటను నడిపించేవాడు) కాబట్టి నిలదొక్కుకున్నాడు. అందరికీ అది దారి కాదు.

కాలేజీల నుంచి పిలుపు వస్తే ఆ కోచ్ రేపు వెళ్లిపోయినా తాను అక్కడ చదువుతాడా అని అబ్బాయినే అడగమనండి. తనకు కావలసిన మేజర్‌లో మధ్యాహ్నం ల్యాబులు ఉన్నాయా, గత కొన్నేళ్లలో ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఎవరైనా ఆ మేజర్ పూర్తి చేశారా అని మాలాంటి విభాగంవాళ్లను సూటిగా అడగాలి. జవాబు చెప్పడానికి తడబడితే అర్థం చేసుకోవాలి. కాంట్రాక్టు వస్తే లాయర్ చదవకుండా సంతకం వద్దు: ఎన్నేళ్లకు, దెబ్బ తగిలితే డబ్బు ఆగుతుందా, మధ్యలో మారితే తిరిగి కట్టాలా, ఏజెంటుకు ఎంత శాతం. డబ్బు వచ్చిన రోజే మూడో వంతు పన్ను కోసం వేరే ఖాతాలో పెట్టాలి.

వీటన్నిటికంటే ముందు, ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్ లాంటి ముఖ్యమైన సబ్జెక్టుల్లో 16 కోర్ కోర్సులు పూర్తి చేయాలి, వాటిలో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే అయిపోవాలి, కోర్ కోర్సుల జీపీఏ కనీసం 2.3 ఉండాలి. ఆ పదింటిలో ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్ కలిపి ఏడు ఉండాలి. పన్నెండో తరగతిలో తెలుసుకుని మా దగ్గరికి ఫోన్ చేసే కుటుంబాలకు నేనేమీ చేయలేను. మీ అక్కయ్యగారిని స్కూల్ కౌన్సిలర్ అపాయింట్‌మెంట్ తీసుకుని, అబ్బాయి తీసుకున్న కోర్సుల్లో ఏవి ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో ఉన్నాయో ఒక్కొక్కటీ టిక్ పెట్టించుకోమనండి. ఏదైనా అర్థం కాకపోతే కోర్సుల పేర్లు ఇక్కడ రాయండి, నేను చూసి చెబుతాను.